శబ్దగ్రహణం

పాత తెలుగు సినిమాల టైటిల్సులో ఒక మాట కనిపించేది, గుర్తుందా? కథ, మాటలు, పాటలు, సంగీతం, ఛాయాగ్రహణం అన్నీ అయ్యాక 'శబ్దగ్రహణం' అని వచ్చేది. దాని కింద పేరు చదివేలోపే కార్డు మారిపోయేది. బీఏలో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఆ మాటంటే కాస్త ఇష్టం. గ్రహణం అంటే పట్టుకోవడం. పాణిగ్రహణంలో ఉన్నది ఆ గ్రహణమే. సూర్యుడికీ చంద్రుడికీ పట్టేదీ గ్రహణమే. శబ్దాన్ని పట్టుకునే మనిషికి మాత్రం మొదటి అర్థం వృత్తి అయింది, రెండోది రాత అయింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా చిన్నవాడు ఇంటర్ ఎంపీసీ అవగానే సౌండ్ ఇంజనీరింగ్ చదువుతానన్నాడు. ఇంజనీరింగ్ అన్న మాట వినగానే ఇంట్లో అందరూ సంతోషించారు. ముందున్న సౌండ్ వినబడ్డాక గొడవ మొదలైంది. "అంటే పెళ్ళిళ్ళకి మైకు సెట్టు కడతాడా?" అని అత్తయ్యగారు అడిగారు. ఆయన ఏమీ అనలేదు, పేపరు మడిచి పక్కన పెట్టారు. మా ఇంట్లో అది అనడం కన్నా ఎక్కువ. అసలు ఆ పని ఏమిటో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోకుండా వద్దనడం న్యాయం కాదనిపించి, నాలుగు నెలలుగా దొరికినవన్నీ చదువుతున్నాను. చదివేకొద్దీ, ఈ కథలో సగం మన ఊళ్ళోనే, మా గవర్నర్‌పేట నుంచి బందరు రోడ్డు మీద తిన్నగా వెళితే వచ్చే పున్నమ్మతోటలోనే జరిగిందని తెలిసింది.

మన దేశంలో పాటని మొదటిసారి పట్టుకున్నవాళ్ళలో ముఖ్యుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన. గ్రామఫోన్ కంపెనీ తరఫున 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. అప్పటికి మైకు లేదు, కరెంటుతో పని లేదు. పెద్ద గరాటాలాంటి కొమ్ములో పాడాలి. ఆ ధ్వనికి అవతల సూది కదిలి మైనం పళ్ళెం మీద గీత గీస్తుంది. గొంతు పెరిగితే తగ్గించడానికి తిప్పే మీట ఏదీ లేదు. అందుకని ఆ రోజుల్లో రికార్డు చేసేవాళ్ళు పాడే మనిషినే పట్టుకుని, పై స్థాయికి వెళ్ళినప్పుడు వెనక్కి లాగి, కింది స్థాయికి రాగానే ముందుకు తోసేవారట. సౌండ్ ఇంజనీరు మొదటి పనిముట్టు తన చేతులే అన్నమాట.

ఆ రికార్డులు అచ్చు కావడానికి జర్మనీ వెళ్ళేవి. అక్కడివాళ్ళకి ఈ పాట ఎవరిదో తెలియాలి కాబట్టి, గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే గట్టిగా చెప్పేది. ఆ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎదురుగా నిలబడి ఆ గొంతుని పట్టుకున్నవాడు తన పేరు చెప్పుకునే చోటు ఆ మూడు నిమిషాల్లో లేదు. ఈ వృత్తి పుట్టుకే అలాంటిది.

1925 ప్రాంతంలో మైకుతో రికార్డు చేయడం వచ్చింది. మన కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యాలు ప్లేట్లుగా ఊరూరా మోగాయి. తరవాత సినిమా మాట్లాడింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కి మనవాళ్ళు బొంబాయి వెళ్ళాల్సి వచ్చింది, ధ్వని పట్టే స్టూడియో మనకి లేదు మరి. అప్పట్లో నటులు కెమెరా ముందే పాడేవారు. కాకి అరిచినా షాటు పోయేది. వాద్యాల వాళ్ళు కెమెరాకి కనబడకుండా చెట్టు చాటునో తెర చాటునో కూర్చుని వాయించేవారు. ఆ గొడవ పడలేకే పాట ముందు రికార్డు చేసుకుని తరవాత పెదవులు కదిపే పద్ధతి వచ్చింది. మనం నేపథ్యగానం అని గొప్పగా చెప్పుకునేది అలా సౌండు వాళ్ళ అవసరంలోంచి కూడా పుట్టింది.

ఇక మన ఊరి సంగతి. ఆంధ్రులకి రేడియో అంటే మొదట మద్రాసే. అక్కడ 1938లో కేంద్రం వచ్చింది. బెజవాడకి 1948 డిసెంబరు 1న సొంత కేంద్రం వచ్చింది. 837 కిలోహెర్ట్జ్ మీద ఈ పొద్దుకీ వస్తోంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వయొలిన్ అన్నవరపు రామస్వామి, మృదంగం దండమూడి రామమోహనరావు... వీళ్ళంతా ఆ ప్రాంగణంలో తిరిగినవాళ్ళు. బాలాంత్రపు రజనీకాంతరావుగారు స్టేషన్ డైరెక్టరుగా ఉన్నారు. పొద్దున్నే భక్తిరంజని వినబడుతుంటే పాలు పొయ్యి మీద పెట్టడం మా అమ్మ తరంలో ప్రతి ఇంటి అలవాటు. గడియారం అక్కర్లేకుండా, ఏ కార్యక్రమం వస్తోందో విని పిల్లల్ని బడికి తయారు చేసిన తల్లులున్నారు.

మనకి గుర్తున్నవి ఈ పేర్లే. గాజు పలకకి అవతల కూర్చున్నవాళ్ళ పేర్లు గుర్తు లేవు.

స్టూడియో గది ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే అది మామూలు గది కాదు. రెండు తలుపులు, మధ్యలో చిన్న ఖాళీ. ఒకటి మూసుకున్నాకే రెండోది తెరవాలి. గోడలకి చిల్లుల పలకలు, వాటి వెనక ధ్వనిని పీల్చే మెత్త. ఆ గదికీ, మీటలున్న గదికీ మధ్య పెద్ద కిటికీ, దానికి రెండు అద్దాలు. అవి తిన్నగా కాకుండా కొంచెం వాల్చి బిగిస్తారు. తిన్నగా ఉంటే గొంతు అద్దానికి తగిలి మళ్ళీ మైకులోకి వస్తుంది. ఎర్ర దీపం వెలిగిందంటే గాజు గాజులు కూడా చప్పుడు చేయకూడదు. పాడే ఆడవాళ్ళు గాజులు వెనక్కి తోసుకుని, కొంగు సర్దుకుని, కాగితం గరగరలాడకుండా పట్టుకోవడం నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడైతే పదిమందికి పది మైకులు పెడతారు, ఎవరిది ఎంత వినబడాలో తరవాత తీరిగ్గా చూసుకుంటారు. ఆ రోజుల్లో కచేరీ మొత్తానికి ఒకటో రెండో మైకులు. అందుకని తూకమంతా మనుషుల్ని కూర్చోబెట్టడంలోనే ఉండేది. గాత్రం మైకుకి దగ్గరగా, వయొలిన్ కాస్త పక్కకి, మృదంగం దూరంగా, తంబూరా ఉందీ లేదూ అన్నట్టు. చాప ఒక అడుగు వెనక్కి జరిపితే మృదంగం తగ్గుతుంది. మృదంగ విద్వాంసుణ్ణి 'మీరు వెనక్కి జరగండి' అనాలంటే ఎంత మర్యాద కావాలో ఆలోచించండి! చెవి ఒక్కటీ చాలదు, మాట నేర్పు కూడా కావాలి. పెళ్ళిలో వియ్యాలవారిని బంతిలో కూర్చోబెట్టడం తెలిసినవాళ్ళకి ఆ కష్టం అర్థమవుతుంది.

నాటకాలకి వాడే రిబ్బన్ మైకు ఇంకో వింత. దానికి ముందూ వెనకా చెవులుంటాయి, పక్కల చెవుడు. అందుకని ఇద్దరు నటులు మైకుకి ఇటొకరు అటొకరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునేవారు. పాత్ర వెళ్ళిపోవాలంటే నటుడు మాట్లాడుతూనే పక్కకి జరిగేవాడు. మనం రేడియో ముందు కూర్చుని 'అయ్యో, వెళ్ళిపోయాడే' అనుకునేవాళ్ళం. వెళ్ళింది మూడడుగులే.

మొదట్లో చాలా కార్యక్రమాలు అప్పటికప్పుడు గాలిలోకి వెళ్ళిపోయేవే. దాచుకోవాలంటే లక్క పూసిన పళ్ళెం మీద గీయాలి. దానిమీద తప్పు దొర్లితే దిద్దుకోవడం ఉండదు. అయస్కాంత టేపు వచ్చాక ఈ వృత్తి మారిపోయింది. పావు అంగుళం వెడల్పు గోధుమ రంగు పట్టీ, సెకనుకి ఏడున్నర అంగుళాల చొప్పున నడుస్తుంది. అంటే ఒక సెకను మాట జానెడు కంటే కాస్త తక్కువ. 1200 అడుగుల చుట్ట 32 నిమిషాలు వస్తుంది. ప్రసంగంలో దగ్గు వచ్చిందనుకోండి, చుట్టని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పి, దగ్గు ఎక్కడ మొదలైందో విని, తెల్ల పెన్సిలుతో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, మిగిలిన రెండు కొసలూ అతికించాలి. ఏటవాలుగా ఎందుకంటే, తిన్నగా కోస్తే అతుకు దగ్గర 'టక్'మంటుంది. మరీ దగ్గరగా కోస్తే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా పోయి, ఎవరో తరుముతున్నట్టు వినబడుతుంది. దగ్గు తీసేసి ఊపిరి ఉంచాలి. మంచి దర్జీ కుట్టు బయటికి కనబడనట్టే మంచి ఇంజనీరు కోత వినబడకూడదు.

ఉషశ్రీగారి రామాయణం, భారతం, ధర్మసందేహాలు గుర్తున్నవాళ్ళు ఇది చదివేవాళ్ళలో చాలామంది ఉంటారు. 1970ల్లో ఆదివారం ఆ గొంతు వస్తుంటే వీధిలో నడిచి వెళుతూనే ఇంటింటి రేడియోలోంచీ ఒక్క వాక్యం కూడా పోకుండా వినేవాళ్ళమని పెద్దవాళ్ళు చెబుతారు. అలాంటి పాత టేపు రికార్డింగులు ఇప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే ఒక్కోసారి తమాషా వినబడుతుంది. అసలు మాట రాకముందే, లోపల ఎక్కడో లీలగా అదే మాట వినిపిస్తుంది. అది దెయ్యమూ కాదు, మన భ్రమా కాదు. టేపు చుట్ట చుట్టి ఏళ్ళ తరబడి ఉంచితే, ఒక పొర మీది అయస్కాంతం పక్క పొర మీద తన అచ్చు వేస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు టేపుని వెనక్కి చుట్టకుండా చివర పైకి ఉండేటట్టే దాచేవారు. అప్పుడు ఆ అచ్చు అసలు మాట తరవాత పడి, ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. ఇంత చిన్న జాగ్రత్త ఎవరు తీసుకున్నారో వినేవాళ్ళకి ఎప్పటికీ తెలియదు.

దాచలేకపోయినవీ ఉన్నాయి. టేపు ఖరీదైనది, విదేశాల నుంచి రావాల్సినది. అందుకని ప్రసారం అయిపోయాక చెరిపి మళ్ళీ వాడడం రేడియో కేంద్రాల్లో మామూలు. నాటకాలు, కచేరీలు, పల్లెల నుంచి వచ్చి పాడిపోయినవాళ్ళ పాటలు అలా ఎన్నో పోయాయి. పలక తుడిచి ఇంకో పాఠం రాసుకున్నట్టు. డెల్టా ఉక్క వాతావరణం, బూజు ఇంకొన్నిటిని తిన్నాయి. బాలమురళిగారివీ ఓలేటిగారివీ ఇవాళ మన ఫోనుల్లో వినబడుతున్నాయంటే, ఎవరో ఒకరు ఆ చుట్ట మీద 'చెరపవద్దు' అని రాసి బీరువాలో పెట్టారన్నమాట. ఆ ఒక్క మాట రాయడం కూడా శబ్దగ్రహణంలో భాగమే అంటాను నేను.

సినిమా వైపు చూస్తే ఇద్దరి పేర్లయినా మనం నోటికి తెచ్చుకోవాలి. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్'కి శబ్దగ్రహణంలో పని చేసినవాళ్ళలో ఎ. కృష్ణన్, శివరామ్ ఉన్నారు. ఆ పాటలకి ప్రాణం పోసిన ఘంటసాల మన గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టినవారు. ఆయన్ని మనవాడని తలుచుకోని రోజు లేదు. ఆ సినిమాలో ఒక పాటకి 28 టేకులు పట్టాయని గాయని పి. లీల ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ఈ అంకె చదివినప్పుడు అందరికీ లీలగారి ఓపిక, ఘంటసాలవారి పట్టుదల గుర్తొస్తాయి. నాకు గాజు పలక అవతల 28 సార్లూ అదే పాటని మొదటిసారి విన్నట్టు విన్న మనిషి గుర్తొస్తాడు. అప్పట్లో గాయని, వాద్యాలు అన్నీ కలిసి ఒకేసారి మోగాలి. ఇరవై మందిలో ఒక్కరు అపస్వరం వాయించినా మళ్ళీ మొదటికే. పాడేవాళ్ళు తమ గొంతు చూసుకుంటారు, వాయించేవాళ్ళు తమ వాద్యం చూసుకుంటారు. అందరినీ కలిపి వినాల్సినవాడు ఒక్కడే. ఇరవై ఏడోసారి విసుగొచ్చి 'బాగానే ఉంది, కానిచ్చేద్దాం' అనుకుని ఉంటే ఎవరూ కాదనేవారు కారేమో. మనం మాత్రం 60 ఏళ్ళుగా ఆ కానిచ్చిన పాటే విని ఉండేవాళ్ళం.

గుర్తింపు సంగతి చెప్పాలంటే, జాతీయ సినిమా అవార్డులు 1954లో మొదలైతే, ఉత్తమ ఆడియోగ్రఫీకి అవార్డు ఇవ్వడం 1976 సినిమాల నుంచి మొదలైంది. చూసేదానికి ఉన్న విలువ వినేదానికి రావడానికి ఇరవై ఏళ్ళు దాటింది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్న రసూల్ పూకుట్టి 2009లో 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కి మరో ఇద్దరితో కలిసి ఆస్కార్ తీసుకునేదాకా, సౌండుకి కూడా ఆస్కార్ ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మద్రాసులో 1945లోనే ఈ చదువు చెప్పడం మొదలుపెట్టారని చదివి ఆయనకి చూపించాను. "అయితే మన స్వాతంత్య్రం కన్నా పాత కోర్సా!" అన్నారు. పేపరు మడవలేదు.

ఇంకొక విషయం చదివి నాకు గర్వంగా అనిపించింది. డాల్బీ అన్న పేరు సినిమా హాల్లో చూడనివాళ్ళు ఉండరు. ఆ రే డాల్బీ 1963 నుంచి 1965 దాకా యునెస్కో సలహాదారుగా మన దేశంలో ఉన్నాడు. ఇక్కడి సంగీతం టేపు మీద రికార్డు చేసుకుంటూ, తంబూరా సన్నటి నాదం వెనక వినబడే టేపు బుసని ఎలా తగ్గించాలా అని ఆలోచించాడట. వెళ్ళాక 1965లో లండన్‌లో కంపెనీ పెట్టాడు. ఆర్భాటం లేని మన సంగీతంలో నిశ్శబ్దానికి అంత చోటుండబట్టే ఆ బుస అంత ఇబ్బంది పెట్టిందని నా ఊహ.

తరవాతి కథ మనం కళ్ళారా చూసిందే. గవర్నర్‌పేట బీసెంట్ రోడ్డులో కాసెట్ల కాలం. చీటీ మీద పాటల పేర్లు రాసిస్తే అరవై నిమిషాల కాసెట్లో ఎక్కించి ఇచ్చేవారు. ఆ తరవాత సీడీ, ఆ తరవాత కంప్యూటరు. ఇప్పుడు గాయకుడు హైదరాబాదులో, వయొలిన్లు చెన్నైలో, వేణువు ఇంకెక్కడో. ఒకరి మొహం ఒకరు చూడకుండానే పాట తయారవుతుంది. స్వరం తప్పితే కంప్యూటరే దిద్దుతుంది. బ్లేడు లేదు, అతుకు లేదు, 28 టేకుల అవసరమూ లేదు. మరి ఇంక ఇంజనీరెందుకు అని మావాణ్ణే అడిగాను. "అన్నీ దిద్దగలిగినప్పుడు ఏది దిద్దకూడదో తెలియాలి కదమ్మా" అన్నాడు. దగ్గు తీసి ఊపిరి ఉంచడం అని నేను పైన రాసింది వాడి మాట విన్నాకే నాకు సరిగ్గా అర్థమైంది.

నాలుగు నెలల చదువులో నాకు తేలింది ఇది. బాగా చేస్తే ఎవరికీ కనబడని పనులు కొన్నుంటాయి. పప్పులో ఉప్పు సరిపోయినప్పుడు ఎవరూ ఉప్పు గురించి మాట్లాడరు. తక్కువైతేనే మాట. ఇరవై రెండేళ్ళుగా వంటింట్లో ఉన్నదాన్ని, ఆ పని తక్కువదని నేనెలా అంటాను? కాకపోతే కనబడని పనికి జీతం, పేరు ఆలస్యంగా వస్తాయి. ఆ సంగతి వాడికి ముందే తెలియాలి. అందుకే డబ్బు లెక్కలు, ఫీజులు, కనీసం అయిదేళ్ళ ఓపిక, అన్నీ కాగితం మీద పెట్టుకుని తండ్రీ కొడుకులు మాట్లాడుకుంటున్నారు. మధ్యలో నేను దూరడం లేదు.

మీకో మనవి. మీ అటక మీద పాత కాసెట్లుంటాయి. మీ నాయనమ్మ మంగళహారతో, తాతగారి పద్యమో, పెళ్ళిలో ఎవరో పాడిన పాటో వాటిలో ఉండి ఉంటుంది. సంక్రాంతి సర్దుళ్ళలో వాటిని పారేయకండి. ఫ్యాను గాలికి ఆరబెట్టి, ఒకసారి నెమ్మదిగా ముందుకీ వెనక్కీ తిప్పి, పనిచేసే టేపు రికార్డరు ఉన్నవాళ్ళ దగ్గర కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. బూజు కనబడితే మాత్రం మీరు తిప్పవద్దు, తెలిసినవాళ్ళకి ఇవ్వండి. ఎక్కించాక ఫైలుకి పేరు పెట్టేటప్పుడు ఎవరు పాడారో, ఎప్పుడు పాడారో రాయండి. ఆ పక్కనే, ఆ రోజు బొత్తాం నొక్కి పట్టుకున్నది ఎవరో కూడా రాయండి. మామయ్యో, పిన్నో, పక్కింటి అబ్బాయో, ఎవరైనా సరే.